విజయనగరంలో పాత సామాన్ల వేట: ఒక్క రోజులో ఎక్కడ చూడాలి, ఎలా చూడాలి, ఎంత ఇవ్వాలి

"పురాతన వస్తువులు అమ్మబడును" అని బోర్డు పెట్టిన కొట్టు కోసం విజయనగరంలో తిరిగితే మీ రోజు వృథా. ఇక్కడ పాత వస్తువు అద్దాల బీరువాలో కూర్చోదు. ఇంట్లోంచి బయటపడ్డాక, కొలిమిలో కరిగేలోపు లేదా రంపం కింద పడేలోపు కొన్నాళ్ళు ఎక్కడో ఒకచోట ఆగుతుంది. ఇత్తడి కొట్లో మార్పిడికి వచ్చిన గుట్టలో, పాత ఇనుము కొట్టు వెనకాల, వడ్రంగి షెడ్డులో, గడియారాలు బాగుచేసే అతని గోడ మీద. ఈ మజిలీలు పట్టుకోవడమే అసలు పని. వస్తువు గురించి ఎంత చదివినా, అది ఎక్కడ ఆగుతుందో తెలియకపోతే చేతికి రాదు.

ఈ ఊళ్ళో వెతకడానికి కారణం ఉంది. 1713లో కోట కట్టిన దగ్గర నుంచి ఇది సంస్థానం ఊరు. చుట్టూ బొబ్బిలి, సాలూరు, కురుపాం లాంటి జమీందారీలు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలు పోయాయి. ఠాణేదార్లు, దివాన్లు, ప్లీడర్ల ఇళ్ళలో పోగుపడ్డ సామాను మాత్రం ఒక్క రోజులో పోలేదు, తరాలు తరాలుగా కొద్దికొద్దిగా బయటికి వస్తూనే ఉంది. ఇప్పుడు మండువా లోగిళ్ళు పడగొట్టి అపార్ట్‌మెంట్లు కడుతున్నారు కాబట్టి తలుపులు, దూలాలు, గంగాళాలు ఒక్కసారిగా వస్తున్నాయి. 1919లో మొదలైన సంగీత కళాశాల పుణ్యమా అని వాయిద్యాలు కూడా దొరుకుతాయి. ఇక రాయపూర్ రైలు మార్గం 1931లో పూర్తయింది, రైల్వే లాంతర్ల సంగతి తర్వాత చెప్తాను.

ముందు రోజు రాత్రి చేసుకోవాల్సినవి

ఏం కావాలో రెండు రకాలకు మించకుండా రాసుకోండి. "ఏదైనా బాగుంటే కొందాం" అనుకుని వెళ్ళినవాళ్ళు సాయంత్రానికి మూడు పగిలిన జాడీలు, ఒక తిరగని గడియారంతో ఇంటికొస్తారు. కుర్చీయో భోషాణమో కావాలంటే అది పెట్టబోయే చోటు పొడవు, వెడల్పు, మీ గుమ్మం వెడల్పు కొలిచి ఫోన్‌లో పెట్టుకోండి. పాతకాలం భోషాణాలు ఈ కాలం ఫ్లాటు తలుపుల్లోంచి పట్టవు.

సంచీలో పెట్టుకోవాల్సినవి: చిన్న అయస్కాంతం, టేపు, టార్చి, భూతద్దం, గ్రాముల్లో చూపించే చిన్న తూకం మిషను, సామాను చుట్టడానికి రెండు పాత దుప్పట్లు. ఫోన్‌పే అన్ని చోట్లా ఉంది కానీ పాత ఇనుము కొట్టులో చేతిలో నోట్లు కనిపిస్తే బేరం తొందరగా తెగుతుంది. వంద, రెండొందల నోట్లు ఉంచుకోండి. మంచి బట్టలు వద్దు, మసి పట్టే పని ఇది.

విశాఖ నుంచి విజయనగరం సుమారు 60 కిలోమీటర్లు, రైల్లో గంటో గంటన్నరో. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చేవాళ్ళు ఆమదాలవలసలో ఎక్కితే అదీ దాదాపు అంతే. పెద్ద సామాను కొనే ఉద్దేశం ఉంటే సొంత బండి కంటే రైల్లో వచ్చి, తిరిగి వెళ్ళేటప్పుడు ట్రాలీ ఆటో మాట్లాడుకోవడం నయం. వారం మధ్యలో రండి. దసరా తర్వాతి మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం, ఆ రెండు మూడు రోజులు ఊళ్ళో అడుగు తీసి అడుగు వెయ్యలేరు. సిరిమాను చూడటానికి రండి, సామాను కొనడానికి కాదు. ఎండాకాలం కూడా వదిలెయ్యండి. డిసెంబరు, జనవరి బాగుంటాయి. భోగికి ముందు ఇళ్ళు దులుపుతారు కాబట్టి అటకల మీది సరుకు కూడా కిందికి దిగుతుంది.

పొద్దున్న: ఇత్తడి, కంచు

గంటస్తంభం దగ్గర దిగి బజారులో మొదలుపెట్టండి. కొత్త గిన్నెలు అమ్మే కొట్టుకే వెళ్ళండి. ముందు భాగంలో స్టీలు మెరుస్తుంటుంది, మీకు కావాల్సింది లోపల ఉంటుంది. పెళ్ళిళ్ళకి, గృహప్రవేశాలకి కొత్త సామాను కొనేవాళ్ళు పాత ఇత్తడి తెచ్చి తూకానికి వేస్తారు. అది కరిగించడానికి వెళ్ళేదాకా మూలన గుట్టగా పడి ఉంటుంది. "మార్పిడికి వచ్చిన పాత సామాను ఉంటే ఒకసారి చూడొచ్చాండీ?" అని అడగండి. చాలామంది లోపలికి రానిస్తారు. కొందరు "కలిపి తూకం వేసేశాం బాబూ, ఏటి చూస్తావు" అంటారు. నవ్వుతూ వచ్చెయ్యండి, మధ్యాహ్నం ఇంకోసారి అడగొచ్చు.

పొద్దున్నే వెళ్ళినప్పుడు ఒక మర్యాద. మొదటి బేరం బోణీ. వస్తువు చేతిలోకి తీసుకుని, సగానికి సగం అడిగి, కొనకుండా వచ్చేస్తే ఆ కొట్టు యజమాని మొహం రోజంతా మాడిపోయి ఉంటుంది. తెరిచిన వెంటనే వెళ్తే చిన్న చెంబైనా కొనండి, లేదా చూసి దణ్ణం పెట్టి వచ్చెయ్యండి. బోణీ చేసినవాడికి తర్వాత గుట్టలోంచి మంచి ముక్క తీసి చూపిస్తారు, ఇది నిజంగా పనిచేస్తుంది.

ఇక గుట్టలో చూడాల్సినవి. బిందెలు, గంగాళాలు, కాగులు ఎక్కువగా వస్తాయి, వాటికి కొదవ లేదు. అరుదుగా వచ్చేవి మరచెంబులు, తమలపాకుల పెట్టెలు, కొలపాత్రలు. కొలపాత్రలు సెట్టుగా దొరికితే వదలొద్దు. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. ఈ లెక్క తెలిస్తే విడివిడిగా దొరికినవి నిజంగా ఒకే సెట్టువో కాదో నీళ్ళు పోసి చూసుకోవచ్చు. సోల నింపి రెండుసార్లు పోస్తే తవ్వ అంచు దాకా రావాలి.

ముందు అయస్కాంతం పెట్టండి. అంటుకుంటే లోపల ఇనుము, పైన ఇత్తడి పూత. అంటుకోకపోతే తిరగేసి అడుగు చూడండి. చేత్తో కొట్టి చేసిన పాత్ర మీద సుత్తి దెబ్బలు చిన్న చిన్న పలకల్లా ఉంటాయి, టార్చి పక్కగా వేస్తే తెలుస్తాయి. మిషను మీద తిప్పి చేసినదైతే వరుసగా సన్నటి గీతలు ఉంటాయి. చేత్తో చేసిందే గొప్ప అని కాదు, కానీ కొట్టువాడు "మా తాతగారి టైముదండీ" అన్నప్పుడు నమ్మాలో లేదో తెలియాలి కదా. అంచులు, పిడి, మూత తిరిగే చోట అరుగుదల చూడండి. ముప్పై నలభై ఏళ్ళు వాడిన చెంబు చెయ్యి పట్టే చోట నున్నగా అరిగి, పట్టని సందుల్లో నల్లగా ఉంటుంది. ఒళ్ళంతా ఒకే రకం నలుపో పచ్చదనమో ఉంటే అది యాసిడ్ పోసి తెప్పించిన వయసు. సందులో గోరుతో గీకితే పొడిగా రాలిపోతుంది.

పేర్లు చదవండి. అప్పట్లో పెళ్ళికి పెట్టిన సామాను మీద చుక్కలు చుక్కలుగా ఇంటిపేరు, ఒక్కోసారి సంవత్సరం కూడా కొట్టించేవారు. ఎవరి పెళ్ళికి ఎవరు పెట్టారో కూడా కొన్నిటి మీద ఉంటుంది. తూకంలో దానికి విలువ లేదు, కొట్టువాడికీ పట్టదు. నా దృష్టిలో మాత్రం వస్తువు వయసుకి అంతకంటే మంచి సాక్ష్యం లేదు. పేరున్న చెంబుకీ పేరులేని చెంబుకీ ఒకే ధర పలికే చోట పేరున్నది తీసుకోండి.

మాట్లు, అతుకులు చూడండి. చిల్లు పడ్డ బిందెకి సీసం కలిపిన టంకంతో మాటు వేసి ఉంటే దాన్ని అలంకారానికే ఉంచుకోవాలి, తాగేనీళ్ళకి, వంటకి వద్దు.

కంచు వేరు. ఇత్తడి అంటే రాగి, జింకు. కంచు అంటే రాగి, తగరం, అందులో రాగి మూడు వంతులు దాటి ఉంటుంది. వేలితో మీటితే కంచు చాలాసేపు మోగుతుంది, ఇత్తడి వెంటనే ఆగిపోతుంది. మోత మధ్యలో బొంగురుపోతే ఎక్కడో సన్నటి పగులు ఉన్నట్టు. కంచు పెళుసు, కింద పడితే సొట్ట పడదు, విరుగుతుంది. కంచు కంచాలు పాతవి దొరికితే కొత్తవాటికంటే బరువుగా, అంచు మందంగా ఉంటాయి, తినడానికి నిక్షేపంలా వాడుకోవచ్చు. శ్రీకాకుళం జిల్లాలో సారవకోట దగ్గరి బుడితి, ఇత్తడి, కంచు పనికి పేరున్న ఊరు. ఈ పాత కంచు సామానులో బుడితి పని ఎంతో ఉండి ఉంటుంది, కానీ ముద్ర లేనిదాన్ని "బుడితిదే" అని ఎక్కువ ధర చెప్తే ఒప్పుకోకండి.

ధర లెక్క తేలిక. రెండు ప్రశ్నలు వేరువేరు కొట్లలో అడగండి: పాత ఇత్తడి కిలో ఎంతకి తీసుకుంటున్నారు, కొత్త ఇత్తడి కిలో ఎంతకి అమ్ముతున్నారు. రేటు రోజూ మారుతుంది కాబట్టి ఆ రోజే అడగాలి. ఉదాహరణకి పాతది కిలో 500కి తీసుకుని, కొత్తది 900కి అమ్ముతున్నారనుకుంటే, మామూలు పాత బిందెకి కిలో 600 నుంచి 650 న్యాయమైన ధర. మరచెంబు, కొలపాత్రల సెట్టు లాంటివి తూకానికి ఇవ్వరు, ముక్కకి చెప్తారు. అప్పుడు కూడా తూకం వేయించి చూడండి, తూకం ధర తెలిస్తే పనితనానికి ఎంత అడుగుతున్నాడో బయటపడుతుంది.

పదకొండు దాటాక: పాత ఇనుము కొట్లు

"పాత సామాన్లు కొంటాం" అని వీధుల్లో తిరిగే బళ్ళవాళ్ళు పొద్దుటి సరుకు మధ్యాహ్నానికి కొట్టుకి తెచ్చి వేస్తారు. అందుకే ఇక్కడికి ముందే వెళ్ళి లాభం లేదు. బళ్ళవాళ్ళతో పరిచయం చేసుకోండి. "అన్నయ్యా, పాత లాంతర్లు, తాళంకప్పలు వస్తే నాకు ఫోన్ చెయ్యి, తూకం కంటే ఎక్కువిస్తా" అని నంబరు ఇస్తే రెండోసారి మీరు తిరగక్కర్లేదు.

ఇక్కడ దొరికేవి అడకత్తెరలు, తాళంకప్పలు, పెట్రోమాక్స్ లైట్లు, ఇస్త్రీపెట్టెలు, ఎనామిల్ పళ్ళేలు, ఊరగాయ జాడీలు. తాళం చెవి లేని తాళంకప్ప కొనకండి, చెవి చేయించే ఖర్చు తాళం ధరని మించుతుంది. జాడీని వేలితో మీటండి, ఖంగుమనాలి. దబ్ మంటే పగులు. అడుగున కంపెనీ ముద్ర ఉందేమో చూడండి. పెట్రోమాక్స్‌లో ట్యాంకు సొట్టలు, పంపు తోలు సంగతి చూడండి, తోలు మారుస్తారు, ట్యాంకు మార్చలేరు.

రైల్వే లాంతర్ల దగ్గర ఆగండి. బి.ఎన్.ఆర్. అని అచ్చు పోసిన లాంతరు, సిగ్నలు దీపం అందంగా ఉంటాయి, అందరికీ కావాలి. బెంగాల్ నాగపూర్ రైల్వే వాళ్ళ సొత్తు అది. రైల్వే వేలంలో కొన్నవైతే తప్పు లేదు, కానీ కాగితం ఉండాలి. రైల్వే ఆస్తిని అక్రమంగా దగ్గర పెట్టుకోవడం 1966 చట్టం ప్రకారం నేరం. రైల్వే ముద్ర ఉండి, బిల్లు లేకపోతే, ఎంత చవగ్గా ఇచ్చినా వదిలెయ్యండి. దొంగ సొత్తు అని తెలిసి, లేదా అనుమానించడానికి కారణం ఉండీ కొంటే కొన్నవాడిదీ తప్పే. ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో అది 317వ సెక్షను.

భోజనం, కాసేపు కళ్ళకి పని

ఎండ ఎక్కువైనప్పుడు కొట్లవాళ్ళూ నిద్రపోతారు. తిన్నాక మూడు లాంతర్ల కూడలి మీదుగా కోట వైపు నడవండి. కోట దగ్గరే గురజాడ అప్పారావు గారి ఇల్లు ఉంది. ఆ కాలపు కట్టుబడి, చెక్కపని అక్కడ నిదానంగా చూస్తే సాయంత్రం వడ్రంగి షెడ్డులో ఏది నిజంగా పాతదో కన్ను తేలిగ్గా పట్టుకుంటుంది.

మూడున్నర నుంచి: చెక్క సామాను

ఇళ్ళు పడగొట్టేవాళ్ళు కలపని టోకున కొని తెచ్చి పెట్టే షెడ్లు, పాత ఫర్నిచర్ బాగుచేసే వడ్రంగులు, ఈ రెండూ చూడాలి. ఆటోవాళ్ళని "పాత తలుపులు, ద్వారబంధాలు అమ్మే చోటికి" అని అడిగితే తీసుకెళ్తారు.

టేకు, పనస ఎక్కువగా వస్తాయి. టేకు కొత్తగా గీసిన చోట బంగారు గోధుమరంగు, తోలు వాసనలాంటిది వస్తుంది. పనస ముందు పసుపు, ఏళ్ళు గడిచేకొద్దీ ముదురు గోధుమ. రంగు వేసి ఉంటే కనిపించని చోట, అంటే తలుపు పైఅంచులో, కుర్చీ అడుగున చూడండి. అక్కడ ఎవరూ పాలిష్ పెట్టరు, నిజం అక్కడే ఉంటుంది.

కుర్చీ, బల్ల, భోషాణం ఏదైనా తిరగేయించండి. సొరుగు బయటికి లాగి మూలలు చూస్తే చేత్తో కోసిన జోడింపులు కొంచెం వంకరటింకరగా, ఒకదానితో ఒకటి సరిపోలకుండా ఉంటాయి. మిషను కోతైతే అన్నీ ఒకే కొలత. వెనక పలక ప్లైవుడ్ అయితే అది అంత పాతది కాదు, లేదా మధ్యలో మార్చారు. నక్షత్రం గాడి ఉన్న స్క్రూలు కనిపిస్తే మరమ్మతు జరిగినట్టు. అది తప్పు కాదు, ధర తగ్గించడానికి మాట దొరికినట్టు.

చెదలు, పురుగు పరీక్ష తప్పదు. సన్నటి రంధ్రాలుండి, వాటి కింద తెల్లటి కొత్త పొడి రాలి ఉంటే పురుగు ఇంకా బతికే ఉంది. రంధ్రాలున్నా పొడి లేకపోతే పాత దెబ్బ, మందు కొట్టి వాడుకోవచ్చు. కాళ్ళ అడుగు భాగం స్క్రూడ్రైవరు మొనతో పొడిచి చూడండి, మెత్తగా దిగితే కాలే పోయింది.

పడక కుర్చీలకి ఇక్కడ గిరాకీ బాగా ఉంది. పేము అల్లిక చిరిగినదైతే మళ్ళీ అల్లించడానికి ఎంతవుతుందో అదే వడ్రంగిని అడిగి, ఆ మొత్తం ధరలోంచి తీసేసి బేరం ఆడండి. ద్వారబంధాల విషయంలో ఒకటే సలహా: గోడ కట్టకముందే కొనండి. కట్టేసిన గోడలో పాత ద్వారబంధం ఇమిడించాలంటే పొసగదు.

వాయిద్యాలు, గ్రామఫోను

ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్‌గా ఉన్న కళాశాల, ద్వారం వెంకటస్వామినాయుడు వయొలిన్ చెప్పిన చోటు, ఘంటసాల చదువుకున్న ఊరు. పాత వయొలిన్లు, హార్మోనియాలు కనిపిస్తే ఆశ్చర్యం లేదు. వయొలిన్ లోపల తొంగి చూస్తే "స్ట్రాడివేరియస్" అని చీటీ ఉంటుంది. గుండె దడదడలాడుతుంది కదా? అది 19, 20వ శతాబ్దాల్లో జర్మనీ, బొహీమియా ఫ్యాక్టరీల్లో లక్షలుగా చేసిన వయొలిన్లలో అంటించిన చీటీ, ఎక్కడ చూసినా అదే. మంచి విద్యార్థి వయొలిన్ కావచ్చు, అంతే. పైపలక పగుళ్ళు, మెడ జోడు చూసుకుని, వీలుంటే వాయించేవాళ్ళని ఒకర్ని వెంట తెచ్చుకోండి. హార్మోనియానికి తిత్తి కొట్టి గాలి నింపి, మెట్టు నొక్కకుండా వదిలి చూడండి. గాలి వెంటనే పోతే తిత్తి చిరిగి ఉండొచ్చు.

బొబ్బిలి వీణ పాతది దొరికితే కుండ చూడండి. గొల్లపల్లిలో ఒకే పనస మాను తొలిచి ఏకాండిగా చేసే పని దాని గొప్ప. కుండకీ దండికీ మధ్య అతుకు ఉంటే అది ఏకాండి కాదు. 24 మెట్లూ మైనం మీద కూర్చుని ఉంటాయి, మైనం ఎండి మెట్లు ఊడినా భయం లేదు, మళ్ళీ వేయించొచ్చు. కుండ పగిలితే మాత్రం గోడకి తగిలించుకోవడమే.

పెద్ద ఇత్తడి బాకా, కింద పలకల చెక్కపెట్టె, దాని మీద కుక్క బొమ్మ. ఇలాంటి గ్రామఫోన్లు అమ్మకానికి వస్తే, ఎక్కువ భాగం ఈ మధ్య కొత్త చెక్క, కొత్త బాకా, ఏదో పాత మోటారు కలిపి కట్టినవి. మన ఇళ్ళలో ఎక్కువగా ఉండేవి సూట్‌కేసులా మూసే పెట్టెలు, వాటిలో బాకా లోపలే ఉంటుంది. తాళం తిప్పి ఒక 78 రికార్డు పెట్టించండి. ఒక పక్క సుమారు మూడు నిమిషాలు, చివరిదాకా వేగం తగ్గకపోతే స్ప్రింగు బాగున్నట్టు. ఇనుప ముల్లు ఒక పక్కకి ఒకటి చొప్పున మార్చాలి, లేకపోతే రికార్డు గాడి తినేస్తుంది. రికార్డుని స్పిరిట్‌తో తుడవకండి. అది లక్కతో చేసింది, స్పిరిట్‌లో కరుగుతుంది.

నాణేలు, గడియారాలు, పుస్తకాలు

నాణేల్లో మోసాలు ఎక్కువ, చేతులు కాల్చుకునేది ఇక్కడే. రాముడు, సీత, హనుమంతుడి బొమ్మలతో "ఈస్టిండియా కంపెనీ 1818" అని ఉన్నవి ఎప్పుడూ చెలామణి అయిన నాణేలు కావు, లక్షలు చేస్తాయని ఎవరు చెప్పినా నమ్మకండి. వెండి రూపాయిలైతే తూకం పెట్టండి, 11.66 గ్రాములు. 1939 దాకా వచ్చినవాటిలో వెండి 91.7 శాతం, 1940 నుంచి సగమే, 1947 రూపాయి నికెల్, అయస్కాంతానికి అంటుకుంటుంది. అంచులో చిన్న టంకం మచ్చ ఉంటే ఎవరో కాసుల పేరులో గుచ్చి ఉంటారు, వెండి ధర తప్ప సేకరణ విలువ రాదు. 1943 నుంచి 1947 దాకా వచ్చిన చిల్లుకానీలు బోలెడు దొరుకుతాయి, పిల్లలకి కొనిపెట్టండి, పెట్టుబడి అనుకోవద్దు. ఏ నాణేన్నీ చింతపండు పెట్టి తోమకండి, తోమిన నాణెం సగం విలువ పోగొట్టుకుంటుంది.

గోడ గడియారం తలుపు తీసి వెనక చూడండి. పాత పెట్టెలో బ్యాటరీ మిషను బిగించినవి బజారులో చాలా అమ్మకానికి వస్తున్నాయి. డయల్‌లో తాళం పెట్టే రంధ్రాలు రెండుంటే ఒకటి నడకకి, ఒకటి గంటలకి. పెండులం వదిలి చెవి పెట్టండి, టిక్కుకీ టాక్కుకీ మధ్య సమయం సమానంగా లేకపోతే ముందు గడియారం నిటారుగా ఉందో లేదో చూసి, అప్పుడు మిషను సంగతి చూడాలి. హెచ్.ఎం.టి. చేతి గడియారాలు 1961 నుంచి వచ్చాయి, 2016లో ఆ గడియారాల కంపెనీ మూతపడింది. గులాబీ, ఆకుపచ్చ రంగుల్లో కొత్తగా మెరిసే డయల్ ఉంటే తర్వాత రంగేసి మార్చినదే. చీకట్లో వెలిగే అంకెలున్న చాలా పాత గడియారాల్లో రేడియం పూత ఉంటుంది, అద్దం విప్పకండి.

పుస్తకాల మీద లైబ్రరీ స్టాంపు చూసుకోండి, లైబ్రరీవాళ్ళే తీసేసినట్టు ముద్ర లేని పుస్తకం కొనడం బాగుండదు. 1947 జూలైలో మొదలైన చందమామ తొలి ఏళ్ళ సంచికలకి గిరాకీ ఎక్కువ కాబట్టి ఫొటోస్టాట్ అట్టలు వస్తున్నాయి, కాగితం ముట్టుకుంటే తెలిసిపోతుంది. పాత కథల పత్రికల బస్తా దొరికి, మీరు ఉంచుకోలేకపోతే శ్రీకాకుళంలో కథానిలయం అనే కథల లైబ్రరీ ఉంది. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో మొదలుపెట్టారు. చిత్తు కాగితాల కింద పోయేదానికంటే అక్కడికి చేరడం నయం.

ఏ ధరకైనా వద్దనాల్సినవి

రాతి విగ్రహాలు, గుడి విగ్రహాల్లాంటి పంచలోహ విగ్రహాలు, తాళపత్రాలు. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన శిల్పాలు, చిత్రాలు, నాణేలు, ఇతర కళాఖండాలు పురావస్తువులు. చేతిరాత ప్రతులకి 75 ఏళ్ళే హద్దు. వాటి వ్యాపారానికి లైసెన్సు కావాలి, కొన్ని రకాలు రిజిస్టరు చేయించాలి, దేశం దాటించడం ప్రైవేటువాళ్ళకి కుదరదు. అమెరికాలో ఉన్న అబ్బాయికి సూట్‌కేసులో పెట్టి పంపిద్దాం అనుకునే వాటిల్లో ఇవి ఉండకూడదు. పొలంలో దొరికిందని ఎవరైనా కుండ చూపిస్తే అసలు ముట్టుకోకండి, దొరికినవాళ్ళు కలెక్టరుకి చెప్పాలని 1878 చట్టం అంటోంది.

ఏనుగు దంతం కూడా అంతే. విశాఖపట్నం దంతపు పెట్టెలకి ఒకప్పుడు పెద్ద పేరు, అందుకే ఈ వైపు ఎవరో ఒకరు తెచ్చి చూపిస్తారు. వన్యప్రాణి చట్టం కింద దంతం అమ్మకం, కొనుగోలు రెండూ నిషిద్ధం. జింక కొమ్ములు, పులి చర్మం సంగతి చెప్పక్కర్లేదు.

సాయంత్రం: బేరం తెంచుకోవడం

పొద్దున్న నుంచి చూసినవాటికి ఫొటోలు, ధరలు ఫోన్‌లో ఉంటాయి కదా, అయిదున్నర తర్వాత కావాల్సిన రెండు మూడు చోట్లకే తిరిగి వెళ్ళండి. వస్తువు చేతిలో పట్టుకుని పొగడకండి. ఎన్నేళ్ళది అని అడక్కండి, అడిగిన ప్రతిసారీ దాని వయసు పదేళ్ళు పెరుగుతుంది. లోపం చూపించి, దాన్ని బాగుచేయించే ఖర్చు చెప్పి, మీ ధర ఒక్కసారి చెప్పి ఆగండి.

"మాస్టారూ, ఈ మూత తిరగట్లేదు, బాగుచేయించాలి. పన్నెండొందలు ఇస్తాను."
"అంత తక్కువకి ఎలాగ బాబూ, తూకానికే వెయ్యి అయిపోతది. పదిహేనొందలు."
"సరే, ఈ చిన్న చెంబు కూడా కలిపి పదిహేనొందలు."

ఇలా రెండు కలిపి అడగడం ఒక్కదాని ధర తగ్గించమనడం కంటే సులువు. పెద్దవాళ్ళు కూర్చున్న కొట్లో వాళ్ళతోనే మాట్లాడండి, పక్కనున్న కుర్రాడితో ఖరారు చేసుకుని పెద్దాయన ముందు మాట మార్చొద్దు. బిల్లు అడగండి. ఇవ్వకపోతే కనీసం తెల్లకాగితం మీద కొట్టు పేరు, తేదీ, వస్తువు, ధర రాయించుకోండి. వెయ్యి దాటినదానికి ఇది తప్పనిసరి అనుకోండి. ట్రాలీ ఆటో కిరాయి కూడా సామాను ఎక్కించక ముందే మాట్లాడుకోవాలి, ఎక్కించాక అతను చెప్పిందే రేటు.

ఇంకో రోజు ఉంటే

ఆమదాలవలస మీదుగా శ్రీకాకుళం వెళ్ళండి. నాగావళి ఒడ్డు ఊరు, పాత సామాను విజయనగరం కంటే తక్కువే, నేనైతే కథానిలయం చూసి బుడితి వెళ్తాను. కొత్త పనే అయినా పోత పోసి, చిత్రిక పట్టే చేతులు దగ్గర నుంచి చూస్తే పాత చెంబుని ఏం చూసి మెచ్చుకోవాలో తెలుస్తుంది.

ఇంటికొచ్చాక

చెక్క సామాను మిగతా ఫర్నిచర్‌తో వెంటనే కలపకండి. రెండు మూడు వారాలు వరండాలో వేరుగా ఉంచి, కింద నల్ల గుడ్డ పరిస్తే పొడి రాలుతోందో లేదో తెలుస్తుంది. రాలితే మందు కొట్టించాకే లోపలికి.

ఇత్తడికి చింతపండు చాలు, కానీ పేరు చెక్కిన చోట గట్టిగా రుద్దొద్దు, చుక్కలు అరిగిపోతాయి. కంచానికి, చెంబుకి పెద్దగా చెయ్యాల్సింది లేదు. వండుకోవాలనుకున్న ఇత్తడి గిన్నెకి మాత్రం లోపల కళాయి వేయించాలి, లేకపోతే పులుపు తగలగానే చిలుము పడుతుంది. కళాయి వేసే అతని దగ్గరే నిలబడి చూడండి, వాడేది తగరం అయ్యుండాలి, సీసం కలిపింది కాదు. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి కళాయి గిన్నెని ఖాళీగా పొయ్యి మీద పెట్టకూడదు, అందులో పోపు వెయ్యకూడదు. ముందు నీళ్ళు పోసి మంట పెట్టాలి. మొదటిసారి మరిగించిన నీళ్ళు పారబోసి, రెండోసారి పప్పుచారు పెట్టుకోండి.